తీసెయ్, ఏం కాదు

"తీసెయ్, ఏం కాదు." సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఈ మాట రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. ఆ లైబ్రరీ పాతది, ఎవరూ వాడట్లేదు, తీసెయ్. ఈ టేబుల్లో ఈ కాలమ్ ఎందుకుందో ఎవరికీ తెలీదు, తీసెయ్. అనేవాడి గొంతులో ఇల్లు ఊడ్చిన సంతృప్తి ఉంటుంది. సాయంత్రానికి ఇంకెక్కడో, ఆ లైబ్రరీ పేరు కూడా విననివాడి స్క్రీన్ నల్లబడుతుంది. వాడు ఫోన్ చేస్తే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "మెయిల్ పంపాం కదా, చదవలేదా?"

నా గొడవంతా ఆ మాటతోనూ, దాని వెనకే వచ్చే ఈ ప్రశ్నతోనూ. సాహిత్య పత్రికలో కంప్యూటర్ గోలేంటి అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మీ పుస్తకాల దగ్గరికీ వస్తాను, మా మర్రిగూడ దిక్కు పొలాల దగ్గరికీ వస్తాను.

2021 నవంబరులో జరిగిన ఒక సంగతి మా లోకంలో అందరికీ తెలుసు. లైనస్ సెబాస్టియన్ అనే కెనడా ఆయన యూట్యూబులో కంప్యూటర్ల గురించి మాట్లాడతాడు. కోటిమందికి పైగా చందాదారులు. విండోస్ పక్కనపెట్టి ఒక నెల లినక్స్ వాడి చూస్తానని పాప్ ఓఎస్ పెట్టుకున్నాడు. ఆటలు ఆడుకోవడానికి స్టీమ్ అనే ప్రోగ్రాం కావాలి. బొమ్మల మీద నొక్కే పద్ధతిలో అది ఎక్కలేదు. సరే అని టెర్మినల్ తెరిచి, అందరూ చెప్పే ఆ ఒక్క లైను కమాండు కొట్టాడు. కంప్యూటర్ పెద్ద జాబితా పరిచింది, ఇది ప్రమాదం కావచ్చు అంది, ముందుకు పోవాలంటే "యెస్, డూ యాజ్ ఐ సే!" అని టైప్ చెయ్యమంది. చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం పోయింది. కిటికీలు లేవు, మౌస్ లేదు, నల్లటి తెర మీద అక్షరాలు మాత్రం మిగిలాయి.

గమనించండి, ఆయన దేన్నీ తీసెయ్యలేదు. ఒకటి పెట్టుకోబోయాడు. ఆ రోజున ఆ ప్యాకేజీల మధ్య వెర్షన్ల పొంతన కుదరలేదు. కొత్తది రావాలంటే ఉన్నది పోవాలి అని లెక్కలు కట్టే ప్రోగ్రాం తేల్చుకుంది. దాని లెక్క దానికి సరైనదే. ఒక కుర్చీ తెప్పించుకుందామనుకుంటే ఆ కుర్చీ పట్టదని ఇల్లు పడగొట్టినట్టు.

తర్వాత వారం పది రోజులు జరిగిన చర్చ అసలు ప్రమాదం కంటే ఘోరం. "అంత స్పష్టంగా రాసి ఉంటే చదవలేదా?" "అవునని వాడే టైప్ చేశాడుగా!" మా వృత్తిలో పెద్దలనుకునేవాళ్ళు కూడా ఇదే పాట. ఒక్కసారి ఆ తెరను ఊహించుకోండి. పదుల కొద్దీ పేర్లు, అన్నీ ఒకే సైజు, ఒకే రంగు. అందులో డెస్క్‌టాప్ ప్రాణం ఏదో, పనికిరాని తోక ఏదో తెలియాలంటే వాటిని రాసినవాడై ఉండాలి. పైగా ఇదే కంప్యూటర్ ప్రతి చిన్న పనికీ "అవునా కాదా" అని అడిగి అడిగి, ఆలోచించకుండా "అవును" కొట్టడం మనకు అలవాటు చేసింది. రుణపత్రం మీద ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఇచ్చే బ్యాంకు, రేపు గొడవొస్తే "మీరు సంతకం చేశారుగా" అన్నట్టుంటుంది ఇది.

విచిత్రం ఏంటంటే, ఆ ప్రోగ్రాం రాసేవాళ్ళు మాత్రం ఈ పెద్దల పక్షం వహించలేదు. పాప్ ఓఎస్ తయారుచేసే సిస్టమ్76 వాళ్ళు ఆ "నేను చెప్పినట్టు చెయ్" వాక్యం టైప్ చేసి ముందుకు పోయే దారే మూసేశారు. డెబియన్ వాళ్ళ ఏపీటీ అనే ప్యాకేజీ మేనేజర్ కూడా అదే నెలలో 2.3.12 వెర్షన్‌తో దారి మార్చుకుంది. ప్రాణం లాంటి ప్యాకేజీలను తీయాలంటే వేరే ప్రత్యేకమైన ఆప్షన్ తెలిసి రాయాలి, లేకపోతే కుదరదు. అంటే చదవకపోవడం చదివేవాడి తప్పు కాదని వాళ్ళు ఒప్పుకున్నట్టే. మా పెద్దలకు ఆ సంగతి ఇంకా చేరలేదు.

ఇప్పుడు కొంచెం లోపలికి పోదాం. ఉబుంటులోనో డెబియన్‌లోనో ఒక ప్యాకేజీ ఇంకోదాని మీద ఎంత ఆధారపడుతుందో చెప్పడానికి మూడు మెట్లుంటాయి. ఇది లేకపోతే నేను బతకను అన్నది మొదటిది. ఇది ఉంటే బాగుంటుంది, మామూలుగా ఉండాలి అన్నది రెండోది. ఉంటే ఉండనీ అన్నది మూడోది. మనుషుల సంబంధాలకు కూడా ఇంత నిజాయితీగా లేబుళ్ళు అతికిస్తే సగం నవలలు రాయక్కర్లేదు. దీనికి తోడు ప్రతి ప్యాకేజీ నుదుటి మీద ఇంకో గుర్తు ఉంటుంది. మీరు కోరి పెట్టుకున్నదా, లేక ఇంకోదాని వెంట వచ్చిందా? పెళ్ళికి పిలిచినవాళ్ళు, పిలిచినవాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. పిలిచినవాడు వెళ్ళిపోగానే, వెంట వచ్చినవాడి వైపు కంప్యూటర్ అదోలా చూస్తుంది. "ఇవి వాటంతటవే వచ్చాయి, ఇక అవసరం లేదు, తీసెయ్యమంటారా?" అంటుంది. దానికో కమాండు, ఆటోరిమూవ్. ఎవరూ దావా వెయ్యని లైబ్రరీలను వెతికిపెట్టే ఇంకో పాత పనిముట్టుకు డెబార్ఫన్ అని పేరు. ఆర్ఫన్ అంటే అనాథ. పేరు పెట్టినవాడికి ఏమీ అనిపించి ఉండదు.

ఇక్కడే అసలు మెలిక. "అవసరం లేదు" అని కంప్యూటర్ చెప్పినప్పుడు దాని అర్థం ఒక్కటే: దీని అవసరం ఉందని నా జాబితాలో ఎవరూ రాయలేదు. జాబితాలో లేని అవసరం దానికి లేనట్టే. నేను ఐదేళ్ళ కింద రాసుకున్న చిన్న స్క్రిప్టు రాత్రి రెండింటికి లేచి ఏదో పనిముట్టును పిలుస్తుంది. ఆ సంగతి ఏ జాబితాలోనూ లేదు. పనిముట్టు పోతుంది, స్క్రిప్టు మౌనంగా చచ్చిపోతుంది, మూడు నెలల తర్వాత బ్యాకప్పుల అవసరం పడ్డ రోజున తెలుస్తుంది. ఉబుంటులో పైథాన్ తీసేసినవాళ్ళ కథలు దీనికి తిరగేసిన రకం. "నేను పైథాన్‌లో ప్రోగ్రాములు రాయను, నాకెందుకు" అని తీసేస్తారు. ఉబుంటు మాత్రం సగం పైథాన్ మీదే నడుస్తుంది. డెస్క్‌టాప్ కూడా దాని వెనకే వెళ్ళిపోతుంది.

అవసరం ఎవరికి? ఈ ప్రశ్న అడగకుండా "అనవసరం" అనే మాట వాడేవాళ్ళ మీదే నా కోపం. మన భాష దగ్గర ఇది నేరుగా తగులుతుంది. ఉబుంటు పెట్టుకోగానే భారతీయ భాషల ఫాంట్లు కొన్ని వస్తాయి. లిబ్రే ఆఫీసులో ఫాంట్ల జాబితా పొడుగైపోయిందని విసుక్కునేవాళ్ళ కోసం సలహాలు కొల్లలుగా దొరుకుతాయి, పరభాషా ఫాంట్లన్నీ ఒక్క లైనులో ఊడ్చెయ్యడం ఎలాగో. ఆ లైనులో తెలుగు కూడా ఉంటుంది. డెబియన్ తెలుగు ఫాంట్ల ప్యాకేజీలో ఉన్నవి ఏవో తెలుసా? తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసిన పోతన2000, వేమన2000. పోతనా వేమనా ఒకే కమాండుకు పోతారు. హార్డ్ డిస్కులో చోటు మిగల్చడానికి లొకేల్‌పర్జ్ అనే ఇంకో పనిముట్టు ఉంది. మీరు ఉంచమన్న భాషలు తప్ప మిగతా భాషల అనువాదాలన్నీ తుడిచేస్తుంది. చోటు మిగల్చడం తప్పు కాదు. కానీ ఈ సలహాల్లో "చెత్త" అనే జాబితాలోకి ఇంగ్లీషు ఎన్నడూ రాదు. అది ప్యాకేజీ కాదు, నేల. మనం నేల మీద పరిచిన చాప. చుట్టేసి మూలన పెట్టొచ్చు.

మా మండలంలో ఒక జిరాక్స్ సెంటర్ ఉంది. పాత కంప్యూటర్, నాలుగు జీబీ ర్యామ్, పైరసీ విండోస్ బెడద వద్దని లినక్స్. అక్కడి పిల్లవాడు తెలివైనోడు. వేగం పెంచాలని ఏదో వీడియో చూసి ఒక్కొక్కటీ తీసుకుంటూ పోయాడు. "అన్నా, ఈ ఐబస్ అనేది ఊకె ర్యామ్ తింటుంది, ఎందుకో సమజ్ కాలే, తీసేసిన" అన్నాడు నాతో. ఐబస్ అంటే ఇంగ్లీషు కాని భాషలను కీబోర్డు మీద టైప్ చెయ్యనిచ్చే ఏర్పాటు. అది పోగానే దాని మీద కూర్చున్న తెలుగు కీబోర్డులన్నీ పోయాయి. ఇంగ్లీషు మాత్రం ఎప్పట్లాగే టైప్ అవుతోంది, కాబట్టి వాడికి పాడైందని రెండు రోజులు తెలీలేదు. మూడో రోజు ఒక పెద్దమనిషి తహసీల్దారుకు తెలుగులో అర్జీ కొట్టమని వచ్చాడు. ఆ పిల్లవాణ్ణి "చదవలేదా" అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ వీడియో చేసినవాణ్ణి అడగాలి. వాడి ప్రపంచంలో తెలుగులో అర్జీ రాయించుకునే పెద్దమనిషి లేడు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు కుప్పకూలినప్పుడు కూడా ఇదే వరస. జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేకమైన వరసలో వస్తే ఫోన్ దాన్ని గీయలేక చచ్చేది. తప్పు గీసే ప్రోగ్రాముది. కానీ వార్తల్లో "ఐఫోన్‌ను చంపే తెలుగు అక్షరం" అయింది. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది, అందరూ మరిచిపోయారు. మనం వాట్సాపులో గర్వపడ్డాం, అదొక విడ్డూరం.

ఇక పుస్తకాలు. మీరు చదివే తెలుగు పుస్తకాల్లో చాలా భాగం, ముఖ్యంగా గత పాతికేళ్ళవి, ఎక్కడ ఉన్నాయనుకుంటున్నారు? అల్మారాల్లో కాదు, వాటి మూలప్రతులు. ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్ళి చూడండి. మూలన ఒక పాత కంప్యూటర్, అందులో విండోస్ ఎక్స్‌పీ, దాని మీద పేజ్‌మేకర్, దాని మీద అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ అక్కడితో ఆపేసి ఇన్‌డిజైన్ దారి పట్టింది. అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టిన ఏర్పాటు. ఫాంట్ ఉంటే కథ, లేకపోతే లాటిన్ అక్షరాల గుట్ట. అంటే ఒక నవల ఒక ఫాంటు మీద, ఫాంటు ఒక పేజ్‌మేకర్ మీద, పేజ్‌మేకర్ ఒక చచ్చిపోయిన విండోస్ మీద, ఆ విండోస్ ఆ మూలనున్న డబ్బా మీద, ఆ డబ్బా నలభై ఏళ్ళ అనుభవం ఉన్న ఆపరేటర్ వేళ్ళ మీద నిలబడి ఉన్నాయి. మాలాంటివాళ్ళం వెళ్ళి "ఇంకా ఎక్స్‌పీ ఏంటి సార్, తీసెయ్యండి, సెక్యూరిటీ రిస్కు" అంటాం. రిస్కు నిజమే. కానీ ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఎందుకు ఊరుకున్నాడో మనకంటే ఆయనకు బాగా తెలుసు. రీప్రింట్ అడిగే రచయితలు వచ్చేది ఆయన దగ్గరికి.

యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు తారుమారవుతాయి, రావడికలు ఎగిరిపోతాయి, మళ్ళీ ప్రూఫు మొదటికొస్తుంది. ఆ ప్రూఫు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఐదువందల కాపీలు వేసి రెండొందలు పంచిపెట్టే కవా?

వెబ్‌లోనూ ఇదే కథ. 2000ల మొదట్లో మన పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. వాటిని యూనికోడ్‌లోకి తిప్పి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడ్-ఆన్ ఉండేది. ఆ రోజుల్లో బ్లాగులు రాసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. పాత తరహా యాడ్-ఆన్ల వ్యవస్థ మొత్తాన్ని ఒక్క వేటుతో తీసేశారు. వేగం కోసం, భద్రత కోసం. రెండూ మంచి కారణాలే. పద్మ ఆ పాత తరహాలో రాసింది. మౌంటెన్ వ్యూలో ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకు 2003 నాటి ఒక తెలుగు ఆదివారం సంచికలోని కథ తమ బ్రౌజర్ మీద ఆధారపడి ఉందని తెలిసే అవకాశమే లేదు. ఏ జాబితాలోనూ అది లేదు కదా.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నేను మార్పుకే వ్యతిరేకినని అనుకుంటారు. యూనికోడ్ వాళ్ళకు ఒక నియమం ఉంది: ఒకసారి చేర్చిన అక్షరాన్ని ఎన్నటికీ తీయరు. పేరు తప్పుగా పెట్టినా మార్చరు. వాడొద్దని చెప్తారు, అంతే. అందుకే బడి పుస్తకాల్లోంచి పోయిన ఌ, ౡ అక్కడ భద్రంగా ఉన్నాయి. 2008లో వచ్చిన 5.1 వెర్షన్‌లో తెలుగు పాత లెక్కల గుర్తులు కూడా చేర్చారు. భిన్నాలు రాసే అంకెలు, ధాన్యం కొలిచే తూముకు గుర్తు ౿. ఎవరికి కావాలి ఇప్పుడు తూము గుర్తు? పాత కరణాల లెక్కలు చదివే చరిత్రకారుడికి కావాలి. దేశం మొత్తానికి నలుగురు ఉంటారేమో. ఆ నలుగురి కోసం చోటు ఉంచడం వల్ల మిగతావాళ్ళకు పోయిందేమీ లేదు.

లెఫ్ట్-ప్యాడ్ సంగతి చెప్పకుండా ఈ విషయం మీద రాస్తే మావాళ్ళు ఊరుకోరు. క్లుప్తంగా చెప్తాను. 2016 మార్చి 22న అజెర్ కొచూలు అనే ప్రోగ్రామర్ ఎన్‌పీఎం అనే గోదాములోంచి తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకున్నాడు. కిక్ అనే పేరు కోసం ఒక కంపెనీతో వచ్చిన తగాదాలో ఎన్‌పీఎం తన పక్షాన నిలవలేదని కోపం. వాటిలో ఒకటి పదకొండు లైన్లది, మాటకు ఎడమవైపు ఖాళీలు నింపుతుంది. బేబెల్ లాంటి పెద్ద పెద్ద ప్రాజెక్టులు దాని మీద నిలబడి ఉన్నాయి, వాటి మీద ప్రపంచం నిలబడి ఉంది. అన్నీ ఆగిపోయాయి. గంటల్లో ఎన్‌పీఎం వాళ్ళు ఆయన్ను అడక్కుండానే దాన్ని తిరిగి పెట్టేశారు. అందరూ ఆయన్ను తిట్టారు. నేను తిట్టను. తన పదకొండు లైన్ల మీద ఎవరెవరు ఇల్లు కట్టుకున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అద్దె కూడా ఇవ్వలేదు. సొంతదాన్ని తీసుకుపోయే బలహీనుడికీ, ఊరందరి దాన్ని తీసేసే బలవంతుడికీ తేడా ఉంది. నా వ్యాసం రెండోవాడి మీద.

మా దిక్కు "తీసెయ్యడం" అంటే మొదట గుర్తొచ్చేది నీళ్ళలోంచి ఫ్లోరైడ్. మర్రిగూడ అనగానే వంగిపోయిన ఎముకల ఫొటోలే మీకూ గుర్తొస్తాయి, తప్పు మీది కాదు. ఫ్లోరైడ్‌ను తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే, నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు తయారుచేశారు. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చడం. కాగితం మీద చవక, తేలిక. కానీ తీయడానికి రోజూ కలపాలి. నీళ్ళను బట్టి పటిక కొలత మారుతుంది, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పొయ్యాలి, కొలత తెలిసిన మనిషి రోజూ ఉండాలి. పటిక వచ్చే దారి, మనిషికి జీతం వచ్చే దారి ఆగిన రోజున నీళ్ళు మళ్ళీ పాత నీళ్ళే. తీసెయ్యడం ఒక్క రోజు పని అనుకునేవాళ్ళు ఈ పటిక లెక్క ఒకసారి చూడాలి.

ఇప్పుడు భూమి. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కార్యక్రమం పేరు భూ రికార్డుల ప్రక్షాళన. ప్రక్షాళన అంటే కడిగెయ్యడం. మా ఆఫీసు భాషలో క్లీనప్. దాని తర్వాత వచ్చిన కొత్త రికార్డుల్లో, ఆపైన 2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో మొదలైన ధరణి పోర్టల్‌లో, పాత పహాణీలో ఉన్న ఒక గడి లేదు. అనుభవదారు, అంటే భూమి ఎవరి పేరున ఉన్నా ఇప్పుడు దున్నుతున్నది ఎవరు అనే కాలమ్. ఇది మరిచిపోయి వదిలేసింది కాదు. యజమాని పేరు ఒక్కటే ఉండాలి, దున్నేవాడి పేరుంటే తగాదాలు అన్నది అప్పటి ప్రభుత్వం బహిరంగంగా చెప్పిన విధానం. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఆ వాదన చాలా పరిచయం. టేబుల్లో చిక్కులు తెచ్చే కాలమ్‌ను తీసేస్తే చిక్కులు పోతాయి, టేబుల్లోంచి. పొలంలోంచి పోవు.

ఆ గడి మీద ఏమేం కూర్చుని ఉన్నాయో చూడండి. పంట రుణం, పంట నష్టపరిహారం, మార్కెట్లో పత్తి అమ్ముకునేటప్పుడు చూపించాల్సిన కాగితం. తెల్లకాగితం మీద రాసుకుని భూమి కొనుక్కున్న సాదాబైనామా వాళ్ళకు అదొక్కటే సాక్ష్యం. 2018 మేలో రైతుబంధు వచ్చింది, ఎకరాకు పంటకు 4,000. ఆగస్టులో రైతుబీమా, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. రెండూ పట్టాదారు పాసుపుస్తకం మీదే ఆధారపడ్డాయి. పాసుపుస్తకం రికార్డు మీద. రికార్డులో దున్నేవాడు లేడు. కాబట్టి ఐదెకరాలు కౌలుకు తీసుకుని, పత్తి పెట్టి, పురుగుమందు తాగినవాడి భార్యకు బీమా రాదు. ఆ పొలం యజమాని హైదరాబాదులో గుండెపోటుతో పోతే ఆయన కుటుంబానికి వస్తుంది. ఇందులో ఏ ప్రోగ్రామూ తప్పుగా నడవలేదు. అన్ని డిపెండెన్సీలూ జాబితా ప్రకారం ఉన్నాయి. ఏపీటీ భాషలో చెప్పాలంటే యజమాని పిలిచిన పెళ్ళివాడు, కౌలుదారు వెంట వచ్చినవాడు. ఇక అవసరం లేదు.

అదే సెప్టెంబరులో, 2020లో, అసెంబ్లీ ఇంకో చట్టం చేసింది. గ్రామ రెవెన్యూ అధికారి, వీఆర్వో, అనే ఉద్యోగాన్నే రద్దు చేసింది. కారణం అవినీతి. నేను వీఆర్వోల కోసం కన్నీళ్ళు పెట్టను. పహాణీ నకలుకు, పేరు మార్పిడికి చేతులు తడిపిన ఇళ్ళు మా ఊళ్ళో ఎన్నో, వాళ్ళ ఉద్యోగాలు పోయాయంటే పటాకులు కాల్చినవాళ్ళూ ఉన్నారు. కానీ వీఆర్వో చేసేది లంచం తీసుకోవడం ఒక్కటే అని ఆ చట్టం రాసినవాళ్ళు అనుకున్నట్టున్నారు. కులం, ఆదాయం సర్టిఫికెట్ల విచారణ ఎవరు చెయ్యాలి? వడగళ్ళకు పోయిన పంట ఎవరు రాసుకోవాలి? సర్కారు భూమిలో గోడ లేస్తుంటే మొదట ఎవరు చూడాలి? ఈ హద్దురాయి అసలు ఎక్కడుండేదో ఎవరికి గుర్తు? చివరిది ఏ ఫైల్లోనూ ఉండదు, ఒక మనిషి తలలో ఉంటుంది. పోస్టు పోయాక ఐదువేలకు పైగా ఉన్న ఆ మనుషులు రెండేళ్ళు ఏ పనీ స్పష్టంగా లేకుండా ఉండి, 2022లో లాటరీ తీసి వేరే శాఖలకు పంచబడ్డారు. 2023లో గ్రామ సహాయకుల వంతు. వాళ్ళలో తరతరాలుగా చెరువు తూము తెరిచి మూసే నీరడి కుటుంబాలవాళ్ళు కూడా ఉన్నారు. కొందరు నీటిపారుదల శాఖకు లష్కర్లుగా వెళ్ళారు, మిగతావాళ్ళు ఎక్కడెక్కడికో.

మా గొలుసుకట్టు చెరువులు చూసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. పై చెరువు కాలువ మీద ఎవరో ప్లాట్లు వేస్తే, మూడు ఊళ్ళ అవతల ఒక బావి ఎండుతుంది. ప్లాట్లు వేసినవాడికి ఆ బావి పేరు కూడా తెలీదు. ఏ పై చెరువు మీద ఏ కింది చెరువు ఆధారమో నీరడికి తెలుసు.

తర్వాత ఏం జరిగింది? 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు అనే కొత్త ఉద్యోగులకు నియామక పత్రాలిచ్చారు. ఎవరు వాళ్ళు? పాత వీఆర్వోలు, వీఆర్ఏల నుంచే పరీక్ష పెట్టి తీసుకున్నవాళ్ళు. మా పనిలో దీన్ని రీఇన్‌స్టాల్ అంటాం. ఐదేళ్ళ తర్వాత, పేరు మార్చి. 1984లో ఎన్టీ రామారావు పటేల్ పట్వారీలను రద్దు చేసినప్పుడూ ఇదే జరిగింది. వంశపారంపర్య పెత్తనం పోయింది, మంచిదే, నూటికి నూరుపాళ్ళు మంచిదే. కానీ ఆ పని చెయ్యడానికి మళ్ళీ వేర్వేరు పేర్లతో మనుషులను పెట్టుకుంటూ రావాల్సి వచ్చింది. చివరికి వీఆర్వో దాకా. ఆ నలభై ఏళ్ళ చరిత్ర చదివి ఉంటే 2020లో ఎవరైనా ఒక ప్రశ్న అడిగేవాళ్ళు: ఈ పోస్టు తీసేస్తే ఏమేం ఆగుతాయో ఊళ్ళోవాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాశారా?

రెండు చోట్లా అదే బడాయి, గమనించండి. ధరణి, భూభారతి అని పైన సంస్కృతం పేర్లు. లోపల నడిచేదంతా పట్టా, పహాణీ, ఖాస్రా, తహసీల్. బోర్డు మార్చారు, గుడి లోపల దేవుడు పాతవాడే. ఈ ఉర్దూ మాటలు కూడా అచ్చ తెలుగు పేరుతో తీసెయ్యమనే మిత్రులు నాకున్నారు. వాళ్ళతో గొడవ ఇంకో వ్యాసం.

కాబట్టి "కౌలు రైతుల సంగతి క్లిష్టం, చట్టపరమైన చిక్కులున్నాయి" అనేవాళ్ళకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. యజమాని హక్కు చెక్కుచెదరకుండా, దున్నేవాడికి ఏడాదికోసారి రుణ అర్హత కార్డు ఇవ్వాలని. పక్క రాష్ట్రం 2019లో దాని స్థానంలో ఇంకో చట్టం చేసుకుంది, వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి. తెలంగాణలో మాత్రం ఆ 2011 చట్టాన్ని ఎవరూ తీసెయ్యలేదు. అది ఇన్‌స్టాల్ అయ్యే ఉంది, సర్వీసే స్టార్ట్ చెయ్యలేదు. రైతుబంధు పేరు రైతు భరోసా అయింది, 2025 జనవరిలో ఎకరాకు ఏడాదికి 12,000 అన్నారు, అదీ పాసుపుస్తకం మీదే. కొత్త పోర్టల్ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. మండలానికో రిజిస్టరు, ఊళ్ళో మళ్ళీ వచ్చిన ఆ గ్రామ పాలనాధికారి, వానాకాలం విత్తనాలు పడేలోపు ఒక వారం గ్రామసభలు. ఎవరు ఏ సర్వే నంబరులో దున్నుతున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు, అడిగితే చెప్తారు.